నిదానపు లింఫోమా: నూరేళ్ల నడక

ఈ స్మారకోపన్యాసం మా గురువుగారి పేరిట జరుగుతోంది. ఆయన మాకు పాథాలజీ చెప్పారు. స్లైడు చూస్తూనే జబ్బు పేరు చెప్పబోయే కుర్రవాణ్ణి ఆపి, ‘ముందు తీరిగ్గా చూడవయ్యా’ అనేవారు. తీరిగ్గా చూస్తే తప్ప అర్థంకాని జబ్బు ఒకటుంది, ఫాలిక్యులర్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్. ఈ పూట దాని చరిత్ర చెబుతాను.

1925లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆస్పత్రి వైద్యులు బ్రిల్, బేర్, రోసెంతాల్, లింఫు గ్రంథులూ ప్లీహమూ వాచిన కొందరు రోగుల గురించి రాశారు. 1927లో డగ్లస్ సిమర్స్ మరికొన్ని కేసులు చేర్చాడు. జబ్బు మెల్లగా నడవడంతో దీన్ని క్యాన్సర్ అనడానికి వైద్యులు చాలాకాలం వెనకాడారు. ఇది లింఫోమాయేనని 1956లో హెన్రీ రాపపోర్ట్ బృందం గట్టిగా చెప్పింది.

ఈ జబ్బు స్లైడు ఒకసారి చూద్దాం. మామూలు గ్రంథిలో ఫాలికల్స్ అనే గుండ్రటి కణాల గుంపులు ఎడంగా ఉంటాయి, చుట్టూ ముదురు ఊదారంగు చిన్న కణాల అంచు ఉంటుంది. లోపల అక్కడక్కడా తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. చచ్చిన కణాల తునకల్ని మింగిన మాక్రోఫేజులవి. ఈ జబ్బులో ఫాలికల్స్ దాదాపు ఒకే సైజులో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గ్రంథినంతా ఆక్రమిస్తాయి. అంచు పలచబడుతుంది, తెల్లమచ్చలు దాదాపు మాయమవుతాయి. అంటే చావాల్సిన కణాలు చావడం లేదు. చాలామంది రోగుల్లో 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై, బీసీఎల్2 అనే జన్యువు అదుపు తప్పుతుంది. అది కణాన్ని చావకుండా కాపాడుతుందని 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ చూపించారు. జబ్బు నిదానానికీ, మందులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడానికీ మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

జబ్బు ఇలా నిదానంగా నడిచేది కాబట్టి, లక్షణాలు లేనివారికి వెంటనే మందు ఇవ్వకుండా కనిపెట్టి ఉంటాం. ‘క్యాన్సర్ అంటారు, మందు ఇప్పుడే వద్దంటారు, ఇదేం వైద్యం డాక్టరుగారూ?’ చంకలో బిళ్ల కట్టి వచ్చిన మనిషి ఇలా అడగడం న్యాయమే. స్టాన్‌ఫర్డ్‌లో సాండ్రా హార్నింగ్, సాల్ రోజెన్‌బర్గ్ 1984లో ప్రచురించిన పరిశీలనలో దీనికి జవాబుంది. మొదట ఏ చికిత్సా ఇవ్వని 83 మంది నిదానపు లింఫోమా రోగులను వాళ్లు గమనించారు. పదేళ్ల తర్వాత 73 శాతం మంది బతికే ఉంటారని లెక్క తేలింది. 19 మందిలో గడ్డలు మందు లేకుండానే తగ్గాయి. ఇదంతా ఒక్క ఆస్పత్రి అనుభవమే కదా అన్నవారికి 2003లో బ్రిటన్ ట్రయల్ సమాధానం చెప్పింది. లక్షణాలు లేని 309 మందిలో కొందరికి వెంటనే క్లోరాంబ్యుసిల్ అనే కీమో మందు ఇచ్చి, మిగతావారిని కనిపెట్టి ఉన్నారు. ఆయుష్షులో తేడా రాలేదు. ఇంత ధైర్యంగా ఆగి, ఇంత ఓపిగ్గా లెక్క రాసిన వైద్యులంటే నాకు ఎనలేని గౌరవం.

1997లో అమెరికాలో రిటుక్సిమాబ్‌కు అనుమతి వచ్చింది. ఈ లింఫోమా పుట్టే బీ కణాల మీదుండే సీడీ20 అనే ప్రొటీన్ని పట్టుకునే యాంటీబాడీ ఇది. 2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ సంస్థ దానికి సాటివచ్చే బయోసిమిలర్‌ను తక్కువ ధరకు తెచ్చింది. కీమోకు ఈ మందు తోడయ్యాక రోగుల ఆయుష్షు స్పష్టంగా పెరిగింది.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఎన్నేళ్లు? 2004లో ఫ్లిపీ అనే సూచిక వచ్చింది. వయసు 60 దాటడం, జబ్బు మూడు లేదా నాలుగో దశలో ఉండడం, హీమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గడం, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము రక్తంలో పెరగడం, నాలుగుకు మించి గ్రంథి ప్రాంతాలు వాచడం, ఈ అయిదింటిలో ఎన్ని ఉన్నాయో చూసి ముప్పును లెక్కకడతారు. పదేళ్ల ఆయుష్షు అంచనా తక్కువ ముప్పు వారికి 71 శాతం, ఎక్కువ ముప్పు వారికి 36 శాతం. కానీ ఆ అంకెలు రిటుక్సిమాబ్ రాకముందు జబ్బు బయటపడిన వారివి. ఈనాటి రోగి ముందు వాటిని యథాతథంగా చదవడం అతనికి అన్యాయం చేయడమే.

మొదటి రోజు తెలియనిది తర్వాతి నడకలో తెలుస్తుంది. 2015లో కార్లా కసూలో బృందం ప్రచురించిన లెక్కలో, రిటుక్సిమాబ్‌తో కూడిన కీమో తీసుకున్నవారిలో ఇంచుమించు అయిదింట ఒకరికి రెండేళ్లలోపే జబ్బు తిరగబెట్టింది. అప్పటినుంచి అయిదేళ్లకు బతికున్నవారు వారిలో సగమే. అలా తిరగబెట్టనివారిలో 90 శాతం.

ఏటా నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది ఉరవడిగా పెరిగే లింఫోమాగా మారుతుంది. అందుకే కనిపెట్టి ఉండడమంటే రోగిని ఇంటికి పంపి మరిచిపోవడం అనుకోకూడదు. మూడు నాలుగు నెలలకోసారి రమ్మనాలి, మెడ, చంకలు, గజ్జలు చేత్తో తడిమి చూడాలి. ఒకే గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, జ్వరం పట్టినా, రాత్రిళ్లు దుప్పటి తడిసేలా చెమట పోసినా, బరువు తగ్గినా తదుపరి తేదీ దాకా ఆగకుండా రమ్మని రోగికీ ఇంటివాళ్లకీ విడమరిచి చెప్పాలి. అలా వచ్చినప్పుడు పాత రిపోర్టుతో సరిపెట్టకుండా, పెట్ స్కాన్‌లో ఎక్కువగా వెలిగిన గ్రంథి నుంచే మళ్లీ బయాప్సీ తీయాలి.