చర్చి జాగాలో కూరగాయల మడి
(పేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పేట చర్చిల చుట్టూ ఖాళీ జాగాలున్నాయి. వాటిల్లో ముళ్లతుమ్మలు మొలుస్తున్నాయి. పక్కింట్లో చూస్తే పొయ్యి రాజదు. ఈ రెండింటినీ కలిపి చూడమని చెప్పడానికే నిలబడ్డాను.

అమెరికాలో బాల్టిమోర్ అని ఒక నగరం. అక్కడి ప్లెజెంట్ హోప్ బాప్టిస్ట్ చర్చి నల్లవాళ్ల చర్చి. సరైన తిండి లేక సంఘస్తులు ఆసుపత్రుల పాలవుతుంటే పాస్టర్ హీబర్ బ్రౌన్ ప్రార్థనతోనే ఆగిపోలేదు. 2010లో చర్చి ముందున్న జాగాలో కూరగాయలు పెట్టించాడు. ఎంత జాగా? 1,500 చదరపు అడుగులు. మన లెక్కన మూడున్నర సెంట్లు!

2015 ఏప్రిల్‌లో ఫ్రెడ్డీ గ్రే అనే నల్లజాతి యువకుడు పోలీసు కస్టడీలో గాయపడి చనిపోయాడు. నగరం భగ్గుమంది. దుకాణాలు, బడులు మూతబడ్డాయి. అప్పుడు ఆ చర్చి నల్ల రైతుల పంట తెప్పించి ఆకలిగొన్న ఇళ్లకు చేర్చింది. చర్చిలనూ నల్ల రైతులనూ కలిపే సంఘం ఆ ఏడాదే పుట్టింది.

ఇది దానం కాదు. దానంలో ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. జాగా మనదై, చెమట మనదైతే ఎవరి చెయ్యీ కిందుండదు.

కనుక చర్చి జాగా కొలవండి. కాగితాలు ఎవరి పేరనున్నాయో అడగండి. అమ్ముకునేవాళ్ల కన్ను పడకముందే తోటకూర, గోంగూర చల్లండి. మొదట కోసిన కూర ఒంటరి ముసలమ్మకు, కూలి దొరకని ఇంటికి. మాలా, మాదిగా, ఏ మతం అని అడగొద్దు. అడిగితే, బావి కాడ మన కులం అడిగినోళ్లకూ మనకూ తేడా ఏముంది?

జై భీమ్!