గోడ పూయకముందే ప్లగ్గుల సంగతి



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇందిరమ్మ ఇళ్లు కట్టుకునే పేదలకు ప్రభుత్వం 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తోంది. స్లాబు పడేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. ఇక గదికో ప్లగ్గు పెట్టించి, ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సర్దుకుంటారు. మేమూ ఇంతకాలం స్లాబు పడిందా అనే అడిగాం, ప్లగ్గుల గురించి అడగలేదు. అది మా పొరపాటే.

చలికాలం ఫజర్ వేళ వుజూకు నీళ్లు కాచే రాడ్డు 1,500 వాట్లు. 6 ఆంపియర్ల ప్లగ్గు అంత భారం మోయలేదు. వేడెక్కి కరుగుతుంది. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే ఉండాలి.

అందుకే గోడ పూయకముందే ఇంటి ఆడవాళ్లను అడిగి, సుద్దముక్కతో గుర్తులు పెట్టించాలి. వంటింట్లో ఫ్రిజ్‌కు, మిక్సీకి వేర్వేరు ప్లగ్గులు, అవీ స్టౌకు, నీళ్లకు దూరంగా ఉండాలి. స్నానం చేసేవారి చేతికందే చోట ప్లగ్గు వద్దు. పిల్లలున్న ఇంట్లో షట్టర్ సాకెట్లు పెట్టాలి. మూడో పిన్నుకు ఎర్త్ తప్పనిసరి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, షాక్ కొట్టినా కరెంటు వెంటనే ఆగుతుంది.

దాతలారా! బియ్యం, దుప్పట్లు ఇచ్చిన చేతులతోనే ఈ ఏడాది ఒక ఇంటి ఎర్తింగు, వైరింగు ఖర్చు భరించండి. గోడలో దాగిపోయే ఈ సదఖా ఎవరికీ కనిపించదు, అల్లాహ్‌కు తప్ప.