జిగణి తోటకు వేసవిలో ఎన్ని నీళ్లు?

బెంగళూరు శివారులోని జిగణికి దగ్గర్లోనే బన్నేరుఘట్ట అడవి ఉంది. ఎండలు ముదిరితే అక్కడి చెట్లు చాలావరకు ఆకు రాలుస్తాయి. ఎవరూ నీళ్లు పోయరు, ఎవరూ ఊడవరు. తొలకరికి అడవి మళ్లీ పచ్చబడుతుంది. మన పెరట్లో కానుగ, రేల ఉంటే వాటి స్వభావమూ అదే. ఆకు రాలడం జబ్బు కాదు, నీటిని దాచుకునే తీరు. రేల చూడండి, దాదాపు మోడుగా ఉన్నప్పుడే మండుటెండలో విరగబూస్తుంది. కంగారుపడి రోజూ పైపైన నీళ్లు చల్లితే వేరు లోతుకు దిగదు. 2024 వేసవిలో ఎన్నో బోర్లు ఎండిపోయి, తోటలకు తాగునీరు వాడొద్దని బెంగళూరు జలమండలి ఆంక్ష పెట్టింది. అలాంటి ఏడు వస్తే, లోతు వేరున్న చెట్టే నిలబడుతుంది.

మరి లేత మొక్క చచ్చిపోదా? న్యాయమైన ప్రశ్నే. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పవు. కానీ తక్కువసార్లు, లోతుగా. మళ్లీ చెబుతున్నాను, తక్కువసార్లు, లోతుగా. సాయంత్రం పూట, మొదలు బాగా నానేలా పోయండి. రాలిన ఆకుల్లో పాములు చేరతాయన్న భయమూ ఉంది. గడప దగ్గర, నడిచే దారిలో ఊడ్చేయండి. ఆ ఆకును కాల్చకండి. కాండానికి తగలకుండా మొదళ్ల చుట్టూ పరచండి, ఎర్రమట్టిలో తడి నిలుస్తుంది. కొత్త మొక్కలను వేసవిలో కాదు, మృగశిర కార్తెలో నాటండి. అక్టోబరు దాకా వానలే వాటిని చూసుకుంటాయి.