పోరాటములో తోడు, ఫలితములో పాలు



మన గౌరిబిదనూరునకు సమీపముననే విదురాశ్వత్థము కలదు. 1938 ఏప్రిల్ 25వ తేదీన అచ్చట నిషేధాజ్ఞను లెక్కింపక జెండా ఎత్తుటకు కూడిన జనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు గోల్పోయిన వారిలో గౌరమ్మ అను స్త్రీయు కలదు. గుండుదెబ్బకు స్త్రీ పురుష భేదము లేదు. పోరాట ఫలమును పంచుకొనునపుడు మాత్రము ఆ భేదమేల? మేము నేడు మీ ముందుంచు ప్రశ్న ఇదియే.

తెలుగువారి చరిత్రలో ఇందుకు పెద్ద నిదర్శనము తెలంగాణ రైతాంగ పోరాటము. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలము పంటను విసునూరు దేశముఖునకు దక్కనీయక, సంఘము తోడ్పాటుతో ఇల్లు చేర్చెను. మల్లు స్వరాజ్యము తుపాకి పట్టి దళమును నడపెను. పేరు తెలియని స్త్రీలెందరో వార్తలు మోసిరి, రహస్య స్థావరములను కాపాడిరి, గాయపడిన వారికి సేవ చేసిరి. భార్యను కొట్టిన భర్తను సంఘము పిలిపించి మందలించిన గ్రామములును ఉండెను. స్త్రీ తన కష్టమును నలుగురిలో చెప్పుకొనుటకు చోటు దొరకెను. ఇది అల్పమైన లాభము కాదు.

అయినను 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడిన పిమ్మట, ఆ స్త్రీలలో పలువురకు లభించిన ఆదేశము ఇంటికి పొమ్మనుటయే. వారి మాటలనే స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథముగా వెలువరించినది. దళము క్షేమమునకై కన్నబిడ్డను పరులకప్పగించిన తల్లి గాథయు అందు కలదు. ఆరుట్ల కమలాదేవి 1952లోను, స్వరాజ్యము 1978లోను శాసనసభకు ఎన్నికైరి. కాని అట్టి అవకాశము దక్కినవారు కొలదిమందియే.

దొరతనము ముందు పోవలెను, స్త్రీల సంగతి తరువాత చూతము అను వాదము ఆనాడు సహజముగనే తోచియుండును. అడవిలో శత్రువు వెన్నాడుచుండగా వేరు చర్చకు తీరిక ఎక్కడిది? కాని వాయిదావేసిన హక్కును ఎవరును పిలిచి ఇయ్యలేదు. ఉద్యమము సాగుచుండగనే సభ్యత్వమునందును, నిర్ణయములందును, భూమిపట్టాలందును స్త్రీల పేర్లు వ్రాయబడవలెనని మా అభిప్రాయము.

ఈ మాట మన ఇండ్లకును వర్తించును. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు సమభాగము ఆంధ్రప్రదేశములో 1986 నాటి చట్టము వలనను, మన కర్ణాటకములో 1994లోను, దేశమంతటికి 2005లోను లభించినది. అయినను పసుపు కుంకుమలతో సరిపెట్టి, ఆడపడుచుచే హక్కు విడుదల పత్రముపై వ్రాలు చేయించు వాడుక ఇంకను పోలేదు. విదురాశ్వత్థపు అమరులకు ఏటేట పూలు చల్లు మనము, ఈ సంవత్సరము మన మన ఇండ్లలో అట్టి పత్రములు వ్రాయింపకుందుమని సంఘ సభ్యులెల్లరును తీర్మానింపవలెనని కోరుచున్నాము.