అతుకు లోపల ఏమున్నది?
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యాన్ని గూర్చి, సంస్కృతిని గూర్చి మాట్లాడగల పెద్దలు ఈ సభలో అనేకులున్నారు. నాకు ఆ అర్హత లేదు. నాకు తెలిసినది ఇనుము. రాడ్డుతో ఇనుమును ఇనుముకు అతికే విద్యలో మొదటి పాఠమైన బీడ్ తీయడం ఒక్కటే నా ప్రసంగ విషయం. మన భాషలో బీడు అంటే పంట పండని నేల. పోత ఇనుమును కూడా బీడు అంటారు. వెల్డింగులో పలక మీద కరిగి గడ్డకట్టిన లోహపు గీతకూ అదే పేరు వచ్చి చేరినది. ఆంగ్లంలో దాని అర్థం పూస. పూసలు గుచ్చినట్లు ఉండవలెనన్నమాట.

1982 జనవరిలో ముంబయి నేత మిల్లుల సమ్మె ఆరంభమైనది. మిల్లులను నమ్ముకొని ఈ నగరానికి వచ్చిన మన కుటుంబాలలో ఎన్నింటికో ఆ దారి మరల తెరుచుకోలేదు. మా కుటుంబం అందులో ఒకటి. మరుసటి ఏడు పదవ తరగతి ముగించి, ఒక చిన్న వర్క్‌షాపులో మిస్త్రీగారి వద్ద పనికి కుదిరినాను. ఆయనది పాలమూరు ప్రాంతం.

మొదటి వారమంతా నా రాడ్డు పలకకు అతుక్కొనిపోయేది. ఊడబెరికితే పైపూత రాలిపోయేది. గీసినది బీడ్ కాదు, పిట్ట రెట్టలు! ఒకనాడు మిస్త్రీగారు నా ముసుగు ఎత్తి అడిగినారు: "బిడ్డా, వెలుగు చూస్తున్నవా, ఇనుము చూస్తున్నవా?" నేను వెలుగునే చూస్తున్నాను. క్రొత్తవారందరూ చేసేది అదే. నల్లటి అద్దం వెనుక నుండి చూసినపుడు ఆ మెరుపే కంటిని లాగుతుంది. చూడవలసినది దాని అడుగున, దాని వెనుకనే నిగనిగలాడే చిన్న ద్రవలోహపు మడుగును. ఆ మడుగు వెంట మందకొడిగా, కొంచెం మసకగా కదలివచ్చేది స్లాగ్, అనగా రాడ్డు పూత కరిగి ఏర్పడిన పెంకు. ఆ పెంకు వెనుక ఉన్నంతవరకు క్షేమం. మడుగును దాటి ముందుకు వచ్చినదా, అది అతుకు లోపలనే చిక్కుకొనిపోతుంది.

ఇక చేతి సంగతి. నాకు అన్నింటికంటె ఆలస్యంగా అర్థమైనది ఇదే. కలం రాస్తూ పోతే పొట్టిదికాదు, కాని రాడ్డు కరిగిపోతూనే ఉంటుంది. కనుక చేయి ప్రక్కకు జరుగుతూ, అదే సమయంలో పలక వైపు దిగుతూ ఉండవలెను. క్రొత్తవాడు చేతిని ఒకే ఎత్తున ఉంచి ప్రక్కకు మాత్రమే జరుపుతాడు. క్షణక్షణానికి రాడ్డు మొనకు, పలకకు నడుమ ఎడం పెరుగుతుంది. చిటపటమని నిప్పురవ్వలు చిందుతాయి, బీడ్ వెడల్పై చదునుగా పరచుకొంటుంది. ఆ ఎడం సుమారు రాడ్డు తీగ మందమంత ఉండవలెను. సరిగా ఉన్నపుడు మూకుడులో గారెలు వేగుతున్నట్లు ఎడతెగని చప్పుడు వస్తుంది. మిస్త్రీగారు అటు తిరిగి టీ త్రాగుతూ కూడా నా తప్పును చెవితోనే పట్టేవారు.

కరెంటు లేకుండానే రాడ్డు పట్టించి, మోచేతిని బల్లకు ఆనించి, సుద్దగీత వెంట ఆయన నన్ను గంటల తరబడి నడిపించినారు. అప్పట్లో విసుగు పుట్టినది. నేడు నా వద్దకు వచ్చే పిల్లలచేత నేనూ అదే చేయిస్తున్నాను.

కొలతలు కావలసినవారికి: 6 మి.మీ. మందం మెత్తని ఉక్కు పలక, 3.15 మి.మీ. రాడ్డు, 6013 రకం, 110 ఆంపియర్ల ప్రాంతంలో ఆరంభించి అవసరాన్ని బట్టి సవరించుకోవచ్చును. రాడ్డును నిలువు నుండి పది పదిహేను డిగ్రీలు మాత్రం, సాగే దిక్కుకు వంచవలెను. బీడ్ వెడల్పు రాడ్డు మందానికి రెండు మూడు రెట్లు. పెంకు కొట్టి, వైరు బ్రష్షుతో రుద్ది చూస్తే అలలు కనపడతాయి. అవి గుండ్రని వంపుతో ఉంటే వేగం సరి. బాణం మొనల్లా కోసుగా ఉంటే తొందరపడినట్లు. చివర గుంట మిగలకుండా క్షణం ఆగి, కొద్దిగా వెనుకకు వచ్చి రాడ్డు ఎత్తవలెను. నేటి ఇన్వర్టర్ యంత్రాలలో రాడ్డు అంటుకొనకుండా ఏర్పాట్లున్నవి. మా కాలపు ట్రాన్స్‌ఫార్మర్లకు ఆ దయ లేదు!

ఇప్పుడు నేను దాచుకొనదలచని ఒక సంగతి. చేరిన ఏడాదికి నా బీడ్లు చూడ ముచ్చటగా రాసాగినవి. త్రాడు పేనినట్లు ఉబ్బుగా, మెరుస్తూ ఉండేవి. ఒక ఇనుప నిచ్చెన మెట్లు అతికే పని నాకు అప్పగించినారు. తుప్పు పూర్తిగా గీకలేదు. సన్నని గొట్టానికి రంధ్రం పడుతుందన్న భయంతో కరెంటు తగ్గించినాను. రంగు వేసిన తరువాత అందరూ మెచ్చుకొన్నారు. కొన్ని నెలలకు ఒక మెట్టు ఊడి, దాని మీద నిలిచిన మనిషి పది అడుగుల ఎత్తు నుండి పడి చేయి విరిగినది. ఊడిన మెట్టును మిస్త్రీగారు తెచ్చి నా ముందు పెట్టినారు. ఒక్క మాట అనలేదు. బీడ్ చెక్కుచెదరలేదు. గొట్టం తుప్పు గొట్టానికే ఉన్నది. నా ముచ్చటైన త్రాడు దాని మీద కూర్చున్నదే కాని, దానిలోనికి కరగలేదు. ఉబ్బుగా నిలవడమే చాలని వేడికి గుర్తు అని అప్పుడు తెలిసినది.

ఆ మనిషి ఇంటికి రెండుమార్లు వెళ్ళినాను. ఆయన తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అప్పటి నుండి ఒక అలవాటు. రెండు పలకలను తిరగేసిన 'టి' అక్షరంవలె నిలబెట్టి, ఒక ప్రక్కన మాత్రమే అతికి, నిలువు పలకను సుత్తితో అతుకు వైపుకే కొట్టి విరగ్గొడతాను. విరిగిన చోట మూల దాకా ఉక్కు చిరిగి ఉంటే సరే. మూలలో పలక అంచు నున్నగా, కరగకుండా కనబడినా, నల్లని పెంకు చారలు కనబడినా, పై అందం ఎందుకూ కొరగాదు. నేర్చుకొనేవాడు ఈ పరీక్షను మొదటి నెలలోనే తనకు తాను పెట్టుకోవలెను.

దేహరక్షణ గూర్చి క్లుప్తంగా. కనీసం పదవ నంబరు అద్దం లేకుండా ఆ వెలుగును చూడరాదు. చూస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్లుంటుంది. నూలు బట్టలే వేసుకోవలెను, నైలాన్ చర్మానికి అంటుకొని కాలుతుంది. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించినది. మా తరం దానిని ఊదుబత్తి పొగలా పీల్చినది. మీరు గాలి ఆడే చోట, తలను పొగకు ప్రక్కగా ఉంచి పని చేయండి.

నేను విరగ్గొట్టని రెండు 'టి' ముక్కలను ఈ రోజు వెంట తెచ్చినాను. ఒకటి 110 ఆంపియర్ల వద్ద, మరొకటి 70 వద్ద చేసినవి. పైకి రెండవదే అందంగా ఉన్నది. సుత్తి, బిగింపు, కళ్ళద్దాలు వెనుక వరండాలో ఉన్నవి. సభ ముగిసిన పిదప ఆసక్తి ఉన్న పిల్లలు వస్తే, గురువుల సమక్షంలో రెండింటినీ మీచేతనే విరగ్గొట్టిస్తాను.