చీటీ ఒక చోట, మనిషి ఒక చోట



ఒక గర్భిణి సంగతి అనుకోండి. కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రి చీటీలు అత్తగారింట్లోనే ఉండిపోయాయి. ఒంట్లో రక్తం ఎంత ఉంది? ఏ సూదిమందు పడదు? ఇక్కడి డాక్టరమ్మకు ఎలా తెలుస్తుంది? తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే కేంద్ర ప్రభుత్వం 2021లో దేశమంతటా 'ఆభా' నంబరు తెచ్చింది. దీనికి 14 అంకెలు. పైసా కట్టనక్కర్లేదు. ఇందులో చేరిన ఆసుపత్రులు పరీక్షలు, మందుల వివరాలు ఈ నంబరుకు జతచేస్తాయి. ఇంకో ఊరి డాక్టరు వాటిని కంప్యూటరులో చూడవచ్చు.

అయితే ఆ మనిషి ఒప్పుకుంటేనే చూడాలి. ఫోనుకు వచ్చే అంకెలు ఎందుకో తెలియకుండా ఎవరికీ చెప్పరాదు. నంబరు తీసుకోవడం ఎవరిష్టం వారిది. నంబరు లేదని వైద్యం ఆపకూడదు.

అన్ని ఆసుపత్రులూ ఇందులో చేరలేదు. కాబట్టి చీటీలు దాచుకోవాలి. నంబరు కూడా పుస్తకంలో రాసుకోవాలి. ఇప్పుడు రాయడం వచ్చింది కదా!