ఉప్పు కొలనులో ఉన్నదీ క్లోరినే



పట్నంలో మన పిల్లలుండే అపార్ట్‌మెంట్లలో కొన్ని ఈత కొలనులను ఇప్పుడు ఉప్పు యంత్రానికి మారుస్తున్నారు. "ఇందులో క్లోరిన్ ఉండదు తాతయ్యా" అంటారు మనుమలు. ఉంటుంది. లీటరు నీటికి సుమారు 3 గ్రాముల ఉప్పు కలిపి, యంత్రం పలకల మధ్య కరెంటు పంపితే ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుడుతుంది. వానాకాలంలో మన ఊరి బావుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున వేసే బ్లీచింగ్ పౌడరు చేసే పనే ఇదీ చేస్తుంది.

యంత్రం నడిచేకొద్దీ నీటి పీహెచ్ పెరుగుతుంది. 7.8 దాటితే క్లోరిన్ ఉన్నా దాని బలం తగ్గుతుంది. అందుకే మధ్య మధ్య యాసిడ్ పోయాలి. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం మన ఆడవాళ్ళకు తెలిసిందే. పలకలకూ అదే పడుతుంది. అప్పుడు ఎంత ఉప్పు పోసినా క్లోరిన్ సరిగా తయారు కాదు.

అసలు ప్రమాదం మారేటప్పుడే. మిగిలిన బ్లీచింగ్ డబ్బా, కొత్త యాసిడ్ క్యాను ఒకే గదిలో పడేస్తారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. 1915లో ఈప్ర్ యుద్ధరంగంలో జర్మన్ సైన్యం వదిలింది ఈ వాయువునే. ఉబ్బసం ఉన్న మనలాంటివాళ్ళకు కొంచెమైనా కీడే.

మనుమలను నీళ్ళలోకి దింపేముందు ఆ గది తలుపు తీయించి చూడండి. పీహెచ్, క్లోరిన్ రోజూ రాసే రిజిస్టరు అడగండి. లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. వారం రోజులది ఒకే పెన్నుతో, ఒకే అంకెతో రాసి ఉంటే దాని సంగతి మనకు వేరే చెప్పాలా!